పదిహేను నిమిషాల గేటు

భూమండలం మీద చక్రవర్తులందరూ అంతరించినా రైల్వే గేట్‌మన్ మాత్రం మిగిలి ఉన్నాడు. ఆయన గేటు దించితే ఎద్దుబండి మొదలు ఎమ్మెల్యే కారు దాకా సమస్త జగత్తూ నిలిచిపోవలసిందే.

పుత్తూరు శివారు గేటుకు అట్టి సార్వభౌముడు చెంగయ్య.

ఆయనకు లొంగని ఏకైక సామంతుడు మామిడి పల్పు ఫ్యాక్టరీ మేనేజరు మునిప్రసాద్.

సీజన్ మొదలైతే మునిప్రసాద్ ఇల్లు వదిలే వేళకు రెండో తరగతి చదివే కూతురు లోహిత నిద్ర లేవదు. ఇల్లు చేరే వేళకు మేలుకుని ఉండదు. ఆదివారాలూ మామిడికాయలకే అర్పితం.

సాయంత్రం మాత్రం పల్పు శాంపిళ్లను అయిదు గంటల మద్రాసు బస్సుకు అందించడానికి స్వయంగా స్కూటరు మీద ఊళ్లోకి బయలుదేరేవాడు.

రైలు నాలుగూ యాభైకి. నాలుగూ ముప్పైఅయిదుకే గేటు దిగి ఉండేది.

బడి నుంచి ఇంటికి పోయే లోహిత రిక్షా కూడా అక్కడే ఆగి ఉండేది. ఆ పిల్ల దిగొచ్చి, ఊడిన పన్ను, పోయిన పెన్సిలు, టీచరమ్మ కట్టిన కొత్త చీర, అన్నీ తండ్రి సన్నిధిలో విన్నవించుకునేది. మునిప్రసాద్ ఒక చెవి కూతురికిచ్చి, రెండు కళ్లూ వాచీకిచ్చేవాడు.

ఒకనాడు రైలు ఆలస్యమై బస్సు తప్పింది. యజమాని నలుగురిలో చీవాట్లు పెట్టాడు.

రైలు వేళకు పదిహేను నిమిషాల ముందే గేటు వేస్తున్నారని మునిప్రసాద్ నాలుగు పేజీల ఫిర్యాదు రాశాడు.

పది రోజుల్లో జవాబు వచ్చింది. తన గదిలోని గడియారం పదిహేను నిమిషాలు ముందు నడుస్తోందనీ, తాను గమనించుకోలేదనీ గేట్‌మన్ ఒప్పుకున్నాడట. ఆ అశ్రద్ధకు ఆయనను దూరపు ఊరికి బదిలీ చేశారట.

పోయే రోజు చెంగయ్య ట్రంకుపెట్టెతో ఎదురయ్యాడు.

“పొయ్యొస్తా సార్. పాపను అడిగినానని చెప్పు.”

ఓడిన రాజు చేసే మర్యాదగా దానిని స్వీకరించి మునిప్రసాద్ తల పంకించాడు.

ఆ పిమ్మట అంతా దిగ్విజయమే. కొత్త గేట్‌మన్ రైలుకు అయిదు నిమిషాల ముందు గాని గేటు వేయడు. స్కూటరు ఆగలేదు. బస్సు తప్పలేదు. యజమాని భుజం తట్టాడు. రిక్షా ఏ వేళకు గేటు దాటిపోతున్నదో మునిప్రసాద్‌కు తెలియలేదు.

పదకొండో నాటి మధ్యాహ్నం క్యారియరు విప్పితే, పై గిన్నెలో మడిచిన నోటుబుక్కు కాగితం కనబడింది.

“నాయనా, గేటు తాత యాడికి పోయినాడు? నా రిక్షా రాగానే గేటు ఎయ్యి తాతా, మా నాయనతో మాట్లాడాల అని నేనే చెప్పినా. కొత్తాయన నా మాట ఇనడం లేదు. రెండో పన్ను గూడా ఊడిపోయింది.”

ఆ సాయంత్రం తెరిచి ఉన్న గేటు ముందు మునిప్రసాద్ స్కూటరు ఆపాడు. వెనక హారన్లు మోగుతుండగా గేటు గదిలోకి పోయి, చెడిపోయిన గడియారాన్ని ఎప్పుడు మార్చారని అడిగాడు.

కొత్త గేట్‌మన్ గోడ వైపు ఒకసారి, తన చేతి వాచీ వైపు ఒకసారి చూశాడు.

“మార్చేదెందుకు సార్? చెంగయ్యన్న కాలం నుంచీ ఇదే ఉండాది. ఒక్క నిమిషం గూడా తేడా లేదు.”