పాము సినిమాలో సైదులు

ఆ ఆదివారం ఇంట్లో మొదట ఉన్నది నలుగురే. సైదులు, అతని తల్లి మల్లవ్వ, కూతురు మనాలి, కాలేజీ చదువు కోసం ఊరి నుంచి కొత్తగా వచ్చిన మేనకోడలు హారిక.

మధ్యాహ్నానికి మంచం మీద, మూలన గిన్నెలు కడిగే మోరి గట్టు మీద, గడప దాకా మనుషులే. ముంబై కామాటిపురాలో తెలుగువాళ్లు వరస గదుల్లో ఉండే ఆ చాలీలో సగం మంది అక్కడే ఉన్నారు.

అంతా హారిక వల్లే.

వచ్చి రెండు వారాలైనా ఆమెతో మాట్లాడినవాళ్లు లేరు. నీళ్ల దగ్గర పక్కింటి పూనం, ఆమె స్నేహితులు తెలుగు వచ్చినా హిందీలోనే గలగలా మాట్లాడుకుని నవ్వుకుంటారు. హారిక తన బిందె వైపు చూస్తూ నిలబడుతుంది. శనివారం సైదులు మల్లవ్వతో మెల్లగా అంటున్న మాట ఆమె చెవిన పడింది.

“అవ్వా, ఆ అడవి పాము సినిమా రేపు టీవీల వస్తదంట. మొదటిసంది ఆఖరుదాంక నేనున్న. ఎవ్వలకు చెప్పకు.”

తెల్లారి నీళ్ల దగ్గర హారిక ఉండలేకపోయింది. “మా మామ సినిమాల ఉన్నడు,” అంది.

పూనం మొదటిసారి ఆమె చెయ్యి పట్టుకుంది. “సచ్చీ? నిజంగనా?”

ఇక ఆగుతుందా! కట్టే బిల్డింగులకు పరంజా కర్రలు కట్టే సైదులు సినిమా యాక్టరు. పూనం తల్లి కొత్త చీర కట్టుకుని వచ్చింది. కింది అంతస్తులో ఉండే టైలరు మంగేష్ కాకా మిఠాయి డబ్బాతో వచ్చాడు.

జనాన్ని చూసి సైదులు ముఖం వాడిపోయింది. అందరికీ చోటిచ్చి తను తలుపు పక్కన నిలబడ్డాడు. మనాలి హారిక వైపు ఒకసారి చూసింది. హారిక తల దించుకుంది.

సినిమా మొదలైంది. నదిలోంచి రైలంత పాము లేచింది. పాకుతుంటే నడుము మధ్యలో ముడతలు పడింది.

“ఏందిది, నాగ్‌పాడా మార్కెట్ల చుట్టబెట్టిన టార్పాలిన్ పట్టా లెక్కున్నది!” అన్నాడు మంగేష్ కాకా. ఇల్లు గొల్లుమంది.

పాము వంటవాణ్ణి మింగింది. ఫొటోలు తీసేవాణ్ణి మింగింది. మింగినప్పుడల్లా అందరూ “సైదులేనా, సైదులేనా?” అని ముందుకు వంగారు. కాదు.

“ఏడున్నవయ్యా సైదులూ? నిన్ను సినిమాలకెళ్లి కోసి పారేసిండ్రా?”

“కోసిండ్రేమో కాకా,” అని సైదులు నవ్వాడు. అతను టీవీ చూడటం లేదు. చూసేవాళ్ల ముఖాలు చూస్తున్నాడు.

హారిక తలుపు వైపు చూసింది. మామను అందరి ముందు అబద్ధాలకోరును చేసింది. వాళ్లు ఆయన్ని మరిచిపోయేలా ఏదో ఒకటి అనాలి. నలుగురిలో ఎన్నడూ నోరెత్తని పిల్ల గట్టిగా అనేసింది.

“అయ్యో, పాముకు నడుం పట్టింది! ఎవలన్న బామ్ రాయుర్రి!”

మంగేష్ కాకా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. పూనం ఆమె అరచేతిలో అరచెయ్యి కొట్టింది. ఆ తర్వాత పాము కనబడితే చాలు, హారిక ఏదో ఒకటి అంది. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వింది. చేసిన తప్పు లోపల గుచ్చుతూనే ఉంది. అయినా సంతోషంగా ఉంది. సంతోషంగా ఉన్నందుకు మళ్లీ సిగ్గేసింది.

చివర్లో హీరో పాము నోట్లో మండే కాగడా దూర్చాడు. పాము గిలగిలా కొట్టుకుంది.

“వద్దురో! ఇడిసిపెట్టుర్రో!” మల్లవ్వ లేచి నిలబడింది. కొంగులో ముఖం దాచుకుంది.

“అవ్వా, నాగులపంచిమికి నువ్వు పాలు పోసేది దీనికి కాదే,” అంది పూనం. “ఇది రబ్బరుది!”

మళ్లీ నవ్వులు.

అందరూ వెళ్లిపోయారు. మిఠాయి డబ్బా విప్పకుండానే మంగేష్ కాకాతో తిరిగి వెళ్లింది. మల్లవ్వ ఇంకా కళ్లు ఒత్తుకుంటూనే ఉంది. సైదులు మోరి దగ్గర కూర్చుని చాయ్ గ్లాసులు కడుగుతున్నాడు. పూనంను సాగనంపి హారిక గదుల ముందున్న గ్యాలరీలోంచి వెనక్కి వచ్చింది. గడపలో మనాలి నిలబడి ఉంది.

“తప్పయింది,” అంది హారిక. “మామ సినిమాల లేడని తెలిస్తే చెప్పకపోదును.”

మనాలి ఒకసారి లోపలికి చూసి, గొంతు తగ్గించింది.

“ఆ రబ్బరు పాము లోపల దూరి, వంగి దాన్ని మోసింది మా పప్పానే,” అని తలుపు వేసేసింది.