రెండో పూత

“చూడమ్మా, ఎక్కడైనా మిగిలిందా?” బ్రష్ పక్కన పెడుతూ అడిగాడు మావయ్య.

కోడలు వంగి చూసింది. కారు ఇంజిన్ పొగను బయటికి పంపే ఇనుప గొట్టాల గుత్తి అది, మ్యానిఫోల్డ్. పైకి నల్లగా నిగనిగలాడుతోంది. నాలుగు గొట్టాలూ కలిసే సందులో మాత్రం రంగు కింద తుప్పు పొక్కులు పొక్కులుగా తెలుస్తోంది.

“ఏం లేదు మావయ్యా. అద్దంలా ఉంది.”

“అయితే కాసేపు నడుం వాలుస్తా,” అంటూ ఆయన షెడ్డు వెనక గదిలోకి వెళ్ళాడు.

గురక వినబడేదాకా ఆగి, ఆమె గ్లౌజులు తొడుక్కుంది. వైర్ బ్రష్‌తో ఆ సందులో రంగు, తుప్పు రెండూ రాలేదాకా గీకింది. థిన్నర్ గుడ్డతో జిడ్డు తుడిచింది. పల్చగా ఒక పూత వేసి, అది ఆరాక ఇంకోటి వేసింది. గురక ఆగినప్పుడల్లా పని ఆపి, గది వైపు చెవులు రిక్కించింది.

ఇలా చేయడం ఇది మూడోసారి. మొదట మావయ్య జిడ్డు తుడవడమే మరిచిపోయాడు. ఆ తర్వాత రంగు మందంగా వేసి బుడగలు లేపాడు. ఇప్పుడేమో ఇంత తుప్పు కనబడలేదు. నలభై ఏళ్ళు ఈ పనిలో పేరు తెచ్చుకున్న మనిషి. చూపు తగ్గిందని ఆయనతో ఎలా చెప్పడం? చెబితే కుంగిపోతాడు. చెప్పకపోతే ఆరు కార్లున్న ట్యాక్సీల ఆసామి వేరే షెడ్డు చూసుకుంటాడు.

పెళ్ళైన కొత్తలో ఆయనే ఈ పని నేర్పుతానన్నాడు. “అమ్మో, నావల్ల కాదు మావయ్యా. ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్ని, ఏదో ఒకటి చెడగొడతాను,” అని చేతులు వెనక్కి పెట్టుకుంది. పని మాత్రం రోజూ పక్కనుండి చూస్తూనే ఉంది. పాప పుట్టాక ఆ భయం రెట్టింపైంది. పిల్ల తుమ్మితే ఊరంతా లేపే రకం ఆమె.

మర్నాడు పొద్దున్నే ఆసామి వచ్చాడు. మావయ్య మ్యానిఫోల్డ్ బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, స్పానర్లు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. రెండు నిమిషాలకే గొట్టాల మీంచి తెల్లటి పొగ లేచింది.

“మేస్త్రీ! ఇదేంటయ్యా, తగలబడిపోతోంది!” ఆసామి తాళం చెవి మీదికి ఉరికాడు.

“ఆపకండన్నా!” ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. “మొదటి వేడికి కొత్త రంగు పొగ వదులుతుంది. పది నిమిషాలు ఓర్చుకోండి. తర్వాత ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి మళ్ళీ తిప్పుదాం.”

“ఏమో తల్లీ! బండి కాలిపోతే?”

“రోజూ పాలు కాచేదాన్ని. ఏది పొంగుతుందో ఏది మాడుతుందో నాకు తెలీదా?”

ఆసామికి నవ్వాగలేదు. పొగ పల్చబడి, కాసేపటికి నిలిచిపోయింది. మూడుసార్లు వేడెక్కించి చల్లార్చాక అతను టార్చి వేసి, ఆ సందులో గోరు పెట్టి గట్టిగా గీకాడు. ఒక్క పెచ్చు కూడా ఊడలేదు.

“మీ చేతికి తిరుగులేదు మేస్త్రీ! మిగతా ఐదు కార్లూ రేపట్నించి వరసగా పంపిస్తా.”

మావయ్య మీసం దువ్వుకున్నాడు. ఆయన పరువూ నిలిచింది, కోడలి గుట్టూ దాగింది. ఆమెకు గుండెల మీంచి బండ దించినట్టయింది. పాప లేచిందేమో చూడటానికి లోపలికి పరుగెత్తింది.

ఆమె వెళ్ళేదాకా ఆగి, ఆసామి గొంతు తగ్గించాడు.

“ఏమీ అనుకోకండి మేస్త్రీ. నిన్న మీరు పడుకున్నాక ఇటుగా వచ్చాను. ఆ అమ్మాయి దొంగచాటుగా తుప్పు గీకుతుంటే, మీ ముందు చిన్నబుచ్చడం ఎందుకని తిరిగి వెళ్ళిపోయా. అంత తుప్పు, గేటు దగ్గర నిలబడ్డ నాకే కనబడింది! ఒకసారి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిరండి.”

“నా కళ్ళకేం, భేషుగ్గా ఉన్నాయి,” అన్నాడు మావయ్య, గది వైపు చూస్తూ.

“కోడలు నేర్చుకోవాలనే వదిలేశానయ్యా.”