టెస్టు డైరెక్టరీ

“టెస్టు కూడా వదిలేద్దామండీ,” అన్నాడు నాగసతీష్, తెర మీంచి చూపు తిప్పకుండా.

టీ గ్లాసు బల్ల మీద పెట్టబోతున్న శారోన్ చెయ్యి ఆగిపోయింది. “అదెందుకండీ వదిలేయడం?”

“చోటు చాలదండీ. నేను తెచ్చిన డిస్కు చిన్నది. టెంపరరీవి, పాత లాగ్ ఫైళ్ళు, ఇలాంటి పనికిరానివి ఉన్న డైరెక్టరీలన్నీ వదిలేసి మిగతాది కాపీ కొట్టేస్తాను. టెస్టంటే మిషను పనిచేస్తోందో లేదో చూసుకోడానికి తీసిన స్కానులే కదండీ. చిత్రం ఏంటంటే, అన్నిటికన్నా అదే బరువుగా ఉంది.”

అమలాపురంలో డాక్టర్ భవానీదేవి గారి స్కానింగ్ సెంటరు అది. స్కానులన్నీ దాచే యూనిక్స్ సర్వరు కొన్నాళ్ళుగా గరగరమంటోంది. ఇవాళ అందులోవి బయటి డిస్కులోకి ఎక్కించి, పాత మిషను పట్టుకెళ్ళిపోతాడు ఇంజినీరు నాగసతీష్. డిస్కులోకి ఎక్కనిది ఇంక దొరకదు.

శారోన్ ఆ సెంటర్లో పేషెంట్ల పేర్లు ఎక్కించే అమ్మాయి. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెనక వరండాలోకి వెళ్ళి, సెలవులో ఉన్న టెక్నీషియన్ జీవరత్నానికి ఫోన్ చేసింది.

“అన్నయ్యా, టెస్టు వదిలేస్తానంటున్నాడు ఇంజినీరు.”

“వద్దని చెప్పమ్మా.”

“ఎందుకంటే ఏం చెప్పనూ? మా పాప సుస్మితకి బిల్లు లేకుండా గుండె స్కాను తీసి నువ్వు అందులో దాచేవని చెప్పనా? నీ ఉద్యోగం ఉంటాదా?”

“పోనీ రిపోర్టు ఇద్దామంటే, బిల్లు లేనిదే రిపోర్టు రాదు కదమ్మా.”

“అదే కదా నా ఏడుపు. కాకినాడ డాక్టరుగారు సోమవారం పాత స్కాను పట్టుకు రమ్మన్నారు. గుండెలో చిల్లు పూడుతోందో పెరుగుతోందో రెండూ పక్కపక్కన పెడితేనే తెలుస్తాదంట. తెలీకపోతే ఆపరేషనే అంటున్నారు. మూడేళ్ళ పిల్ల అన్నయ్యా. అయినా మా పిల్లదొక్కటే కదా, టెస్టుకి అంత బరువేంటి?”

“అది మాత్రం నన్నడక్కమ్మా,” అని ఫోన్ పెట్టేశాడు జీవరత్నం.

ముందు గదిలో క్యాష్ కౌంటరు దగ్గర భవానీదేవి గారి భర్త సుబ్బరాజు గారు ఎవరితోనో అంటున్నారు, “పి.గన్నవరం నుంచి వచ్చినా పక్కింటి నుంచి వచ్చినా బిల్లు బిల్లేనండి. సాయంత్రం ప్రతి బిల్లూ నేను చూసుకోవాల్సిందే.” ఆ మాట విన్నప్పుడల్లా శారోన్‌కి భయమేస్తుంది. ఇవాళ మరీను.

లోపలికి వచ్చేసరికి నాగసతీష్ వదిలేయాల్సిన డైరెక్టరీల పేర్లు ఒకదాని కింద ఒకటి టైపు చేసి ఉంచాడు. అన్నిటికన్నా అడుగున టెస్టు. అంతలో అతని ఫోన్ మోగింది. “ఆయ్, చెప్పండి,” అంటూ వీధిలోకి వెళ్ళాడు.

శారోన్ గుమ్మం వైపు చూసింది. ఇంటరు మధ్యలోనే మానేసినా ఆ నాలుగు అక్షరాలు చెరపడం ఆమెకి వచ్చు. చెరిపేసింది.

నాగసతీష్ వచ్చి కూర్చుని, మళ్ళీ చూసుకోకుండానే ఎంటరు నొక్కాడు. తెర మీద ఫైళ్ళ పేర్లు వరసగా పరిగెత్తాయి. శారోన్ గోడకి ఆనుకుని, “ప్రభువా, పట్టనియ్యి,” అని లోపల అనుకుంటూ నిలబడింది.

పట్టలేదు. పేర్లు టక్కున ఆగిపోయాయి.

“ఇదేంటండీ, డిస్కు నిండిపోయింది,” అన్నాడతను. కిందికీ మీదికీ చూశాడు. “టెస్టు ఎక్కి కూర్చుంది. వదిలేయమని నేను రాసేనే. ఎవరో చెరిపేరండి.”

“ఏమైంది?” భవానీదేవి గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“ఎవరో టెస్టు డైరెక్టరీ ఎక్కేలా చేసేరండి. పేషెంట్లవి సగమే ఎక్కేయి.”

ఆవిడ చూపు శారోన్ మీదికి మళ్ళింది. శారోన్ ఇంక నిలవలేకపోయింది.

“నేనే చెరిపేనండి మేడంగారూ. మా పాప గుండె స్కాను అందులో ఉందండి. కాకినాడలో చూపించాలండి. జీవరత్నం అన్నయ్యని ఏమీ అనకండి. నేను పట్టుకుని ఏడిస్తే తీసేడు. నన్ను మానేయమనండి, మానేస్తాను. ఆ స్కాను మాత్రం పోనివ్వకండి.”

నాగసతీష్‌కి జాలేసింది. “దానికేముందండీ. పాప స్కాను ఒక్కటీ ఉంచి, టెస్టులో మిగతావన్నీ చెరిపేస్తాను. చోటు సరిపోతాది.”

“చెరపొద్దు.” ఆవిడ గొంతు కటువుగా ఉంది. “అందులోంచి ఒక్కటి కూడా పోకూడదు. ఇంకో డిస్కు తెప్పించండి.”

“రాజమండ్రి నుంచి రావాలండి మరి.”

“రానివ్వండి. అందాకా మిషను ఇక్కడే ఉంటుంది.”

అతను ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళాడు. శారోన్ కళ్ళు తుడుచుకుంది. తన మూలంగా ఇంత పని పెరిగిందే అని ప్రాణం చచ్చిపోతోంది.

“మా పాపదొక్కటి చాలండీ మేడంగారూ. మిగతావాటి కోసం మీకింత శ్రమెందుకండీ?”

ముందు గదిలోంచి సుబ్బరాజు గారి గొంతు వినిపిస్తోంది. భవానీదేవి గారు వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. శారోన్ పక్కనే కుర్చీలో మెల్లగా కూర్చున్నారు.

“మిగతావన్నీ నావే అమ్మాయ్. గడ్డ ఎంత పెరిగిందో నెలనెలా చూసుకుంటున్నాను. బిల్లు కొడితే ఆయనకి తెలిసిపోతుంది.”