తాతల గీతలు

నేను తాబేలును. నా వీపుమీద ఏనుగు నిలబడితే, నొప్పెట్టింది ఏనుగు కాలికే. అంతటివాణ్ణి, ఒక దుప్పుల మందను మాత్రం ఆపలేకపోయాను.

దుప్పులకు ఒక ఆచారం ఉండేది. నీళ్లు తాగిన ప్రతిసారీ ఆ మడుగు పక్క చెట్టుకు కొమ్ముతో ఒక గీత గీసేవారు. మడుగు ఎండిపోయినా గీత చెరిపేవారు కాదు. అది తాతల గుర్తు.

ఒక ఏడు ఎండలు ముదిరాయి. అన్ని గీతలూ చూసి నీళ్లకు దారి చెబుతుందని ఒక గోరింకను పిలిపించారు. అది చూసింది మరవదు.

"ముందు ఎండిన మడుగుల గీతలు గీకేయండి మామా," అన్నాను దుప్పుల పెద్దతో. "తూర్పు మడుగు ఎండి పదేళ్లయింది. నాకొదిలితే పూటలో వెయ్యి చెట్లు నున్నగా చేసేస్తాను."

"నువ్వు మొదటి చెట్టు చేరేసరికే పూట గడుస్తుందిలే," అని నవ్వాడు. "మా తాత గీతను గీకమంటావా? గోరింక తెలివైనది. మంచీ చెడ్డా అదే చూసుకుంటుంది."

గోరింక అడవంతా తిరిగొచ్చింది. "తూర్పు మడుగుకే అన్నిటికన్నా ఎక్కువ గీతలున్నాయి. అక్కడికి వెళ్లండి," అంది.

మూడు రోజులు నడిచారు. గాలికన్నా ముందే చేరానని అందరికీ చెబుతుంటాను గానీ, నేను చేరింది అయిదో రోజున. మడుగు నిండా పగిలిన మట్టి.

"నీళ్లేవే?" అని గోరింకను ఇంకా అడుగుతున్నాడు దుప్పుల పెద్ద.

"నీళ్లు నాకెవరు చూపించారు మామా? మీరు చూపించింది గీతలే కదా."

దుప్పుల పెద్ద మడుగు పక్క చెట్టు దగ్గరికి వెళ్లి తాత గీతను కొమ్ముతో గీకడం మొదలుపెట్టాడు. ఆ నీడలో పడుకోబెట్టిన అతని కూన అప్పటికే కదలడం మానేసింది.