డాట్ పైలకు దారి ఇటు

"డాట్ పేరు నా సైటులో పడాల్సిందే! ఇవాళే, ఇప్పుడే!" అని క్లైవ్ బల్ల మీద గుద్దాడు.

"ఇవాళ ఆవిడ మొగుణ్ణి పూడుస్తున్నారు మామయ్యా," అంది తాలియా.

"అందుకేనే! ఊరంతా చర్చిలో ఉంది. అడిగేవాడు లేడు."

తాలియా క్లైవ్ చెల్లెలి కూతురు. చుట్టుపక్కల చిన్న కొట్లవాళ్లకి వెబ్‌సైట్లు చేసిపెట్టడం ఆమె పని. క్లైవ్‌ది హైవే పక్కన పైల కొట్టు. లోపల మాంసం కూరి, పైన మైదా మూత వేసి కాల్చే పైలు. సరిగ్గా రోడ్డుకి అవతల డాట్ కొట్టు. సిడ్నీ నుంచి మంచుకొండలకి పోయే ప్రతి కారువాడూ ఫోనులో 'డాట్ పైలు' అని కొట్టి, నేరుగా వచ్చి ఆవిడ గుమ్మం ముందే బ్రేకు కొడతాడు. పేరు డాట్, మనిషేమో ఎప్పుడూ కామ్. ఆ డాట్ కామ్ ముందు క్లైవ్ ఎంత గొంతు చించుకున్నా నెట్‌లో అతనిది అట్టడుగే. ఆవిడ పైలు పైన, ఇతని పైలు కింద. అక్కడ జూన్ అంటే చలికాలం; మంచు ఆటలకి జనం ఎగబడే ఈ మూడు రోజుల సెలవుల లాంగ్ వీకెండులో కూడా బేరం తగలకపోతే కొట్టు బ్యాంకు పాలు.

"నీ దగ్గర ఏముందో ఆ మాటలే పెట్టు మామయ్యా. గొర్రె మాంసం పై, తెల్లవారుజామున కాఫీ, ట్రక్కు ఆపుకునే చోటు... ఆకలేసినవాడు ఏం కొడతాడో ఆలోచించు. వాడికి నువ్వు దొరుకుతావు. నిదానంగా పైకొస్తావు."

"అంత నిదానమైతే పైకి రావడం కాదే, పైకి పోవడమే! జనం కొట్టేది డాట్ పేరు. వాళ్లు కొడతారు, నేను కొట్టేస్తా. లెక్క సరి."

"నా చేత్తో మాత్రం చెయ్యను."

"నీ చెయ్యెందుకు? నాకు రెండున్నాయి. దారి చూపించు చాలు."

ఆమె ఏ గడిలో ఏం రాయాలో ముక్తసరిగా చెప్పి, కోటు తొడుక్కుని చర్చికి వెళ్లిపోయింది. క్లైవ్ రెండు వేళ్లతో టకటకలాడించాడు. తన కొట్టు పేరే 'డాట్ పైలకు దారి ఇటు' అని మార్చాడు. పేజీ పేజీకీ 'అసలైన డాట్ పైలు, వేడివేడి డాట్ పైలు' అని తెల్ల కాగితం మీద తెల్ల సిరాలా పరిచాడు. మనుషుల కంటికి ఆనవు, నెట్టు కంటికి ఆనుతాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రం డాట్ కొట్టు తలుపుకి అంటించిన కాగితం కంటబడింది. 'మా ఆయన నెవ్ పోయాడు. లాంగ్ వీకెండుకి తెరుస్తాను.'

"తెరుస్తుందట!" అని పళ్లు నూరాడు క్లైవ్.

ఆ వారమంతా నూరుతూనే ఉన్నాడు. గురువారం సాయంత్రం పబ్‌లో మిత్రబృందానికి బీరు పోయించాడు.

"ఊరికే కాదర్రా. ఒక్క మీట నొక్కాలి. నెట్‌లో 'డాట్ పైలు' అని కొట్టండి. మొట్టమొదట వచ్చినదాని కింద 'ఈ కొట్టు శాశ్వతంగా మూతపడింది' అని నొక్కండి. ఒక్కడు నొక్కితే నమ్మదు, పదిమంది నొక్కితే నమ్ముతుంది."

"మొన్ననే కదరా ఆవిడ మొగుడు పోయింది," నసిగాడు మర్వ్.

"అదేరా నేననేది! నెవ్‌కి మట్టి, డాట్‌కి మూత. పై మీద మూతేసినట్టుండాలి, ఆవిరి కూడా బయటికి రాకూడదు."

"శవపేటిక మీద కూడా దుకాణం పెడతావు కదరా!" అని మర్వ్ పగలబడి నవ్వి, రెండో గ్లాసు అందుకుని, నొక్కాడు. ఫోనులోకి సరిగ్గా చూసి నొక్కేంత తెలివి అప్పటికి ఆ బల్ల దగ్గర ఎవరికీ మిగల్లేదు. బీరు మీద బీరు, నొక్కు మీద నొక్కు.

శుక్రవారమంతా క్లైవ్ కాల్చాడు. బ్యాంకు ఇచ్చిన ఆఖరి డాలరు కూడా పిండిలో పిసికేశాడు. శనివారం పొద్దున హైవే మీద కార్లు చీమల బారులా కదిలాయి. నెత్తిన మంచు మీద జారే చెక్కలు, లోపల ఆకలి మొహాలు. ఒక్కటీ ఆగలేదు. మధ్యాహ్నానికి పైలు చల్లారాయి, క్లైవ్ వేడెక్కాడు.

రోడ్డు దాటి నల్ల కోటులో డాట్ వచ్చింది. గొడవకే వచ్చిందనుకుని అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె చేతిలో మూతపెట్టిన కూర గిన్నె ఉంది. చావింటికి ఊరివాళ్లు తెచ్చిచ్చే గిన్నెల్లో ఒకటి.

"నాకు ఫ్రిజ్ నిండా ఇవే, క్లైవ్. ఇది నువ్వుంచుకో. నీకూ కష్టకాలమేగా."

"నాకేం కష్టం?"

"కొట్టు ఎత్తేశావటగా? ఫోనులో చూశాను నాయనా. తలుపు తెరిచి ఉంటే సామాను అమ్ముకుంటున్నావేమో అనుకున్నా."

క్లైవ్ ఆమె ఫోను లాక్కుని చూశాడు. తన కొట్టు బొమ్మ, తన అడ్రసు. కింద ఎర్రటి అక్షరాల్లో 'శాశ్వతంగా మూసివేయబడింది.'

వెంటనే తాలియాకి ఫోను కొట్టాడు. "ఎవరే నన్ను మూసింది? ఇప్పుడే తెరిపించు!"

"అర్జీ పెట్టాలి మామయ్యా. వారం పైనే పడుతుంది. గురువారం రాత్రి గుంపుగా నొక్కారెవరో."

"వాళ్లు నా మనుషులే! నేను మూయించింది డాట్‌నే! 'డాట్ పైలు' అని కొట్టి, మొట్టమొదట వచ్చినదాన్ని నొక్కమన్నా!"

అటువైపు తాలియా టకటకా ఏదో కొట్టి చూసుకుంది.

"నువ్వు పెట్టిన మాటలు భలే పనిచేశాయి మామయ్యా. బుధవారం నుంచీ 'డాట్ పైలు' అని కొడితే మొట్టమొదట వచ్చేది నువ్వే."