నూనె వాసన

సూర్యప్రభ గది తలుపు గడియపెట్టి, గోరువెచ్చటి నువ్వులనూనె గిన్నె చాప పక్కన పెట్టుకుంది. లలితకుమారి ఓ పక్కకి ఒత్తిగిలి పడుకుంది. ఏడో నెల. పాదాలు బూరెల్లా పొంగాయి.

మడమల నుంచి పిక్కల మీదికి, అక్కణ్ణుంచి నడుముకి మెల్లగా మర్దనా చేస్తుంటే లలితకుమారి హాయిగా కళ్లు మూసుకుంది. ఆ వెంటనే ఏడుపందుకుంది.

"ఈ కడుపేసుకుని నలుగురిలోకి ఎలా వెళ్లనే ప్రభా? ఏ నుయ్యో గొయ్యో చూసుకుంటాను."

ప్రభకి పెళ్లయి ఆరేళ్లు. తను మొక్కని దేవుడు లేడు, మింగని మందు లేదు. ఈ ఉగాదిలోగా నెల తప్పకపోతే కొడుక్కి మరో సంబంధం చూస్తానని కిందటేడే అత్తగారు తెగేసి చెప్పింది. ఆ మాట ఇంకా వెనక్కి తీసుకోలేదు. ఉగాదేమో దగ్గరికొచ్చేసింది. తల్లి మాట జవదాటని మొగుడాయె. ఇక్కడ చూస్తే అడక్కుండా వచ్చిన కడుపు! ఆ కడుపుని చూస్తే ప్రభకి కుళ్లుగానూ ఉంది, ముద్దుగానూ ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో గోడకి గోడ ఆనుకున్న వాటాల మధ్య ఇలాంటిది దాగుతుందా? అందుకే ప్లాస్టరింగైనా పూర్తికాని ఈ ఎల్బీనగర్ ఇంట్లోకి హడావిడిగా దిగిపోయారు. చుట్టూ హద్దురాళ్లూ, పునాదులూ. మామగారు సిగ్గుతో పొద్దున్నే బయటపడి చీకటిపడ్డాక వస్తాడు. ప్రభ భర్త వెంకట్రావు ఆ గదివైపే తొంగిచూడడు.

పాలుపోసే అరుణమ్మ వీధి తలుపు తట్టింది. ప్రభ చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్లి తలుపు ఓరగా తీసింది. అరుణమ్మ ఇట్టే వాసన పట్టేసింది.

"ఏందమ్మా, నూనె వాసనొస్తుంది. నీళ్లోసుకున్నవా? జర నాకు చెప్తే నేనే ఒచ్చి రుద్దుదును గద."

ప్రభ అవునన్లేదు, కాదన్లేదు. ఆ మాట ఎవరైనా అడగాలని ఆరేళ్లు ఎదురుచూసింది మరి! కళ్లనీళ్లు ఆగలేదు. అరుణమ్మ అది సిగ్గనుకుంది. బిడ్డ కోసమంటూ మరో గరిటె పాలు పోసి వెళ్లిపోయింది.

ప్రభ గదిలోకి వచ్చేసరికి లలితకుమారి లేచి కూర్చుని ఉంది. అంతా వింది. ప్రభ నూనె చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

ఆరేళ్లుగా గొడ్రాలన్న నోటితోనే అత్తగారు, "రేపు అరుణమ్మకి అవునని చెప్పవే తల్లీ, పుట్టేది నీ మరిదైనా ఆడపడుచైనా నీ కడుపున పుట్టినట్టే పెంచుకో," అంది.