గోడ చప్పుడు

పాత కేథలిక్ మఠం గోడల్ని ఖయ్యూం మేస్త్రీ వేలి కణుపులతో తట్టి చూస్తున్నాడు. గుల్లగా మోగినచోట పాత గచ్చు రాల్చి, కొత్త సున్నం పూయాలి. సముద్రపు ఉప్పుగాలి లోలోపల తినేసిన గోడలివి. నిన్న ప్రతి గోడా ఖాళీ కుండలా మోగింది. ఈ రాత్రి ఏ గోడ తట్టినా బండరాయిలా పలుకుతోంది.

"మనం ఇంకా సున్నం ముట్టుకోనేదు కదా గోపీ. ఇవెలగ గట్టిపడ్డాయి?"

"బాగుపడితే మంచిదే కదా బావా! ఇంటికెల్దాం, పద," అంటూ తోటి మేస్త్రీ గోపి అతని వీపు మీద తట్టాడు.

ఖాళీ కుండలా మోగింది.

హార్బర్లో ఓడ కూత మోగి ఆగిపోయింది. ఖయ్యూం మెల్లగా తన గుండెల మీద తట్టుకున్నాడు. అక్కడా అదే చప్పుడు.

గోపి దగ్గరకొచ్చి, అతని వైపు వీపు తిప్పి నిలబడ్డాడు.

"బావా... నన్ను కూడా ఓపాలి తట్టి సూడు."